ఫ్రిజ్‌లోంచి వచ్చిన రొజాలీ

శనివారం మధ్యాహ్నం. అమ్మ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. వెండులా చిన్న ఫ్రిజ్ తలుపు తీసి, లోపలున్న పెట్టె మూత ఎత్తి, నిద్రపోతున్న తాబేలును రెండు చేతులతో బయటికి తీసింది.

ఆ ఫ్రిజ్‌లో వెన్నా గుడ్లూ ఉండవు. అది రొజాలీ పడకగది. ఇలాంటి తాబేళ్ళు చలికాలమంతా చల్లని చోట నిద్రపోవాలి. ఇళ్ళేమో రేడియేటర్లతో వెచ్చగా ఉంటాయి. అందుకే మంచు మొదలయ్యే ముందు అమ్మమ్మ రొజాలీని అందులో పడుకోబెడుతుంది. ఈసారి అమ్మమ్మ మోకాళ్ళ వైద్యానికని వేడినీటి ఊటలున్న ఊరికి వెళ్ళింది. వెళ్తూ రొజాలీని వెండులాకు అప్పజెప్పింది. రోజూ ఒకసారి తలుపు తీసి గాలి ఆడనివ్వాలి. ముట్టుకోకూడదు. అంతే.

వెండులా ముట్టుకోకుండానే ఉండేది, ఆ ఫోటో ఒక్కటి పెట్టకపోయి ఉంటే. "మా ఫ్రిజ్‌లో ఎవరున్నారో చూడండి" అని ఫోన్‌లో పెట్టిన ఫోటోకు లైకులే లైకులు. బడిలో ఎప్పుడూ పలకరించని పిల్లలు కూడా పలకరించారు. కళ్ళు తెరిస్తే ఎలా ఉంటుందో చూపించవే అని క్లాస్‌మేట్ బారా అడిగింది. బారా అడిగిందంటే క్లాసంతా అడిగినట్టే.

వెండులా రొజాలీని వంటింటి బల్ల మీద, రేడియేటర్ పక్కన పెట్టి వీడియో తీయడం మొదలుపెట్టింది. చాలాసేపటికి ఒక కాలు కదిలింది. మెడ బయటికి వచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి. ఆ తర్వాత రొజాలీ శుభ్రమైన బల్లగుడ్డ మీద దర్జాగా ఉచ్చ పోసింది.

వీడియో పెట్టగానే ఫోన్ ఆగకుండా మోగింది. పొట్ట పట్టుకుని నవ్వే బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వెండులా అందరికీ జవాబులు రాస్తూ కూర్చుంది. తలెత్తి చూసేసరికి రొజాలీ బల్ల అంచు దాకా నడిచేసింది. వెండులా ఒక్క ఉదుటున వెళ్ళి పట్టుకుంది. డిప్ప వెచ్చగా ఉంది. అప్పుడు వెండులాకు అనుమానం వచ్చింది. దీన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? పెడితే చచ్చిపోతుందేమో?

ఆ మాటే ఫోన్‌లో అడిగింది. పెట్టెయ్ అని ఒకరు, అరటిపండు తినిపించు అని ఒకరు, తలకు టోపీ పెట్టు అని ఇంకొకరు రాశారు. మిగతావాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఇంతలో ఎవరో డాన్సు చేసే పిల్లి వీడియో పెట్టారు. జనమంతా అటు పోయారు. వెండులా ప్రశ్న కిందికి, ఇంకా కిందికి జారిపోయి కనబడకుండా పోయింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

అమ్మ ఫోన్ ఎత్తలేదు. అమ్మమ్మకు చేయొచ్చు గానీ, ఏ ముఖం పెట్టుకుని చేస్తుంది?

అప్పుడు అమ్మమ్మ తీరికున్నప్పుడల్లా చూసే తాబేళ్ళ ఫోరం గుర్తొచ్చింది. దేశం నలుమూలల నుంచి తాబేళ్ళు పెంచేవాళ్ళు అక్కడ చేరి మాట్లాడుకుంటారు. బూడిదరంగు పేజీ. లైకులు లేవు, బొమ్మలు లేవు. ఒక్కో ప్రశ్నకూ ఒక శీర్షిక, దాని కింద జవాబులు. ఏళ్ళ కిందటివి కూడా ఎక్కడివక్కడే ఉంటాయి. ముసలివాళ్ళ అటక అని వెండులా దాన్ని వెక్కిరించేది. ఇప్పుడు ఆ అటకే గతి అయింది. తన పేరుతోనే అందులో చేరి, జరిగిందంతా రాసింది.

మొదట జవాబిచ్చింది ఇనుపడిప్ప. అక్కడ అందరికీ ఇలాంటి మారుపేర్లే. ఇనుపడిప్ప ఆ ఫోరం బాగోగులు చూసే పెద్దమనిషి. ఓదార్పు మాట ఒక్కటీ లేదు, అన్నీ ప్రశ్నలే. బయటికి తీసి ఎంతసేపైంది? బరువెంత? నడిచిందా? ఉచ్చ పోసిందా?

ఈయన కూడా వెక్కిరిస్తున్నాడనుకుంది వెండులా. ఒళ్ళు మండినా, పోసిందని రాసింది.

"అయితే ఫ్రిజ్‌లో పెట్టకండి," అని వెంటనే జవాబు వచ్చింది. "ఒంట్లో దాచుకున్న నీళ్ళు పోయాయన్నమాట. ఇప్పుడు పడుకోబెడితే ప్రాణానికే ముప్పు. గోరువెచ్చని నీళ్ళలో గడ్డం మునగకుండా నిలబెట్టండి. తాగనివ్వండి. అయినా వీడియో కోసం నిద్రపోయేదాన్ని లేపుతారా ఎవరైనా? బుద్ధుందా మీకు?"

చిన్నపిల్లలా ఉంది, కాస్త మెల్లగా అనవయ్యా అని పాలకూర అనే ఆవిడ అడ్డుపడింది. నీళ్ళు ఎంత లోతుండాలో, వేడినిచ్చే కరెంటు దీపం ఎంత ఎత్తున పెట్టాలో ఓపిగ్గా చెప్పింది. దీపం విషయంలో ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు కూడా.

వీడియో కింద అందరూ నవ్విన ఉచ్చ సంగతే ఈ ఫోరంలో అసలు సంగతి అయింది.

అమ్మ వచ్చేసరికి రొజాలీ గిన్నెలో నిలబడి ఉంది, వెండులా నేలమీద బోర్లా పడుకుని దాని ముఖంలోకి చూస్తోంది. అమ్మ తిట్టాల్సిన నాలుగూ తిట్టి, వెళ్ళి దీపం వెతికి తెచ్చింది. కాసేపటికి రొజాలీ మెడ చాచి నీళ్ళు తాగింది. ఆదివారం పొద్దున లెట్యూస్ ఆకు కూడా కొరికింది. వెండులాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మమ్మకు నువ్వే చెప్పాలి అంది అమ్మ. చెప్తాలే అంది వెండులా. కానీ ఆ సాయంత్రం ఇంకో భయం పట్టుకుంది. అమ్మమ్మ ఫోరం తెరిస్తే? అక్కడ తన పేరుంది, బుద్ధుందా అన్న మాటా ఉంది. వెతికితే ప్రశ్నను తీసేసే బటన్ దొరికింది. నొక్కింది. ప్రశ్నతోపాటు కింద ఉన్న జవాబులన్నీ పోయాయి.

సోమవారం బడి నుంచి రాగానే, దీపం గురించి ఒక చిన్న అనుమానం అడుగుదామని ఫోరం తెరిచింది. పైన కొత్త ప్రశ్న ఒకటి ఉంది. క్రిష్టోఫ్ అనే అబ్బాయి రాశాడు. "మా తాబేలు చలికాలం నిద్రకు పెట్టిన పెట్టెలో ఉచ్చ పోసింది. శనివారం సరిగ్గా ఇలాంటిదే ఇక్కడ చదివాను. ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. అందరూ పనుల మీద ఉండే వేళ అది. వెండులా చెవులు వేడెక్కాయి. ఊరుకుంటే తనని ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ తాబేలు?

"దాన్ని మళ్ళీ చలిలో పెట్టకు," అని గబగబా రాసింది. "గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకో. నువ్వు చదివింది నేను రాసిందే. సిగ్గేసి తీసేశాను."

తర్వాత మొత్తం మళ్ళీ రాసింది. వీడియో కోసం లేపడం, బల్లగుడ్డ, గిన్నె, దీపం, ఏదీ వదల్లేదు. అతను అడిగినకొద్దీ జవాబు చెబుతూ అక్కడే కూర్చుంది. చివరికి "తాగుతోంది" అని అతను రాసినప్పుడు వెండులా వంటింట్లో ఎగిరి గంతేసింది.

ఆ ఊపులోనే అమ్మమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పేసింది. అమ్మమ్మ ముందుగా రొజాలీ తిందా అని అడిగింది. తిందని తెలిశాక తీరిగ్గా తిట్టింది.

రాత్రి భోజనం వేళకు ఇనుపడిప్ప ఫోరంలోకి వచ్చాడు. వెండులా రాసినదాన్ని అందరికీ కనబడేలా పేజీ పైభాగాన శాశ్వతంగా ఉంచాడు. కింద ఇలా అడిగాడు. "వీడియో కోసం లేపానన్న ముక్క తీసేయమంటావామ్మా? అది లేకపోయినా మిగతాది అర్థమవుతుంది."

వెండులా ఆ ముక్కను మళ్ళీ ఒకసారి చదివింది.

"వద్దండీ, ఉండనివ్వండి," అని రాసింది. "ఫోన్లూ తాబేళ్ళూ రెండూ ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు."