గుర్రానికి పేరుంది

"సార్, ఒక డౌట్. మీ నవలల యువరాజు గుర్రానికి పేరుంది. మబ్బు మనుషులల్ల ఒక్కరికి గూడ పేరెందుకు లేదు?"

అడిగిన అమ్మాయి మూడో వరుసలో కూర్చుంది. చేతిలో సగం తిన్న సమోసా. ముఖంలో నాకోసం ఒక్క పిసరు జాలి కూడా లేదు.

ఆ ఆదివారం కామారెడ్డి గ్రంథాలయంలో నా నవల మీద 'పాఠకుల ముచ్చట' పెట్టారు. వచ్చినవాళ్ళు పద్దెనిమిది మంది. అందులో ఆరుగురు సమోసాల కోసం వచ్చిన నా ఫ్రెండ్స్. అయినా సరే, జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను "రచయిత సోహైల్ గారు" అని పిలిచారు. గాల్లో తేలుతున్నాను. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్నతో కింద పడేసింది.

నేను బస్టాండ్ దగ్గర డీటీపీ సెంటర్ నడుపుతాను. పెళ్ళి కార్డులు, అప్లికేషన్లు కొట్టీ కొట్టీ తెలుగు చేతికి అలవాటైపోయింది. ఖాళీ దొరికితే ఒక యాప్‌లో ఫాంటసీ సీరియల్ రాస్తాను. అందులో రెండు జాతులు. కింద కోట మనుషులు, అందరూ వీరులు, అందగాళ్ళు. పైన మబ్బు మనుషులు. వీళ్ళు మబ్బులను దూదిలా ఏకి వాన కురిపిస్తారు. జుట్టు నిండా తెల్లటి పింజలు, వంగి నడుస్తారు, ఏం చెప్పినా "నిమ్మళం, నిమ్మళం" అంటారు. కోటవాళ్ళు వాళ్ళను చూసి నవ్వుతారు. నా పాఠకులూ నవ్వుతారు. "మబ్బోళ్ళ కామెడీ సూపర్ బ్రో" అన్న కామెంట్ వారానికి ఇరవై సార్లు వస్తుంది.

"వాళ్ళు... సైడ్ క్యారెక్టర్లు కదండి," అన్నాను.

"మరి గుర్రం హీరోయినా సార్?"

హాలంతా ఘొల్లుమంది. నా ఆరుగురు ఫ్రెండ్స్ అందరికంటే గట్టిగా నవ్వారు. గ్రంథాలయం చూసుకునే బాలనర్సయ్య సార్ దయతలచి, "ఇగ ఛాయ్ తాగుదాం," అని మీటింగ్ ముగించాడు.

బయట వాన. పొద్దున్నుంచి ఊరించి, సరిగ్గా మేము గడప దాటగానే అందుకుంది. ఆ అమ్మాయి వరండాలో ఒక స్తంభం పక్కన నిలబడింది. నేను గొడుగు పట్టుకుని ఇంకో స్తంభం పక్కన నిలబడ్డాను.

"మీ మబ్బోళ్ళకు కోపమొచ్చినట్టుంది," అంది నావైపు చూడకుండా.

"మీరే ఎగదోసిండ్రు."

నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం నాకు బాగా కనిపించింది, ఎందుకంటే నేను వానను చూడటం మానేసి చాలాసేపైంది.

"ఇంతకు మీ పేరేంది?"

"అబ్బో, మనుషుల పేర్లు అడుగుడు గూడ వస్తదా మీకు? అస్మా. ఎల్లారెడ్డి."

"అంత దూరంకెళ్ళి నన్ను తిట్టనీకి వచ్చిండ్రా?"

"బీఈడీ పుస్తకాలు కొననీకొచ్చిన. తిట్టుడు ఫ్రీ."

ఈసారి ఇద్దరం నవ్వాం. అంతలోనే ఆమె ముఖం మారిపోయింది.

"పాత బజార్ల పచ్చ గేటు ఇల్లు మీదే కదా?"

"మీకెట్ల తెలుసు?"

"చిన్నగున్నప్పుడు మా నాయినతోని వచ్చిన. మిమ్మల్ని సోహైల్ అని పిలుస్తుంటె ఆ వాకిట్లనే విన్న. మీ పరుపుల దూది ఏకింది ఆయననే. వంగి నడుస్తడు. నెత్తి నిండ దూది ఉంటది. 'నిమ్మళం' అనేది మా నాయిన మాట సార్. పన్నెండో చాప్టర్ చదువుతుంటె మా నాయిననే కనవడ్డడు. కింద కామెంట్లల్ల అందరు నవ్వుతున్నరు."

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు కాలిపోయాయి.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఏటా రంజాన్ ముందు ఎల్లారెడ్డి నుంచి పరుపులాయన వచ్చేవాడు. వాళ్ళూ మాలాగే ముస్లింలు, మాలాగే నమాజ్ చదువుతారు. కానీ దూదేకులవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అంతమాత్రానికే మా నాయనమ్మ, జులేఖా దాదీ లెక్కలో వాళ్ళు ఒక మెట్టు కింద. ఆయన పనిచేసేది వాకిట్లో, తినేది వాకిట్లో. ఆయన ఛాయ్ కప్పు గోడ గూట్లో విడిగా ఉండేది. ఆయన వెళ్ళాక దాదీ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ నడకా ఆ మాటా దింపి చూపిస్తే, ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ నవ్వునే తీసుకెళ్ళి నవలలో పెట్టాను. అదంతా నా ఊహ అనుకున్నాను.

"మీ నాయిన పేరేంది?"

అడిగాక అర్థమైంది. అన్నేళ్ళు మా ఇంటికి వచ్చిన మనిషి పేరు నాకు తెలియదు.

"సత్తార్," అంది అస్మా. "ఉర్దూ రాదని మమ్మల్ని చూసి నవ్వుతరు. మీరు రాసేదేమో తెలుగుల. మస్తుగుంది సార్."

వాన తగ్గలేదు. నా గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూ ఇంటికి వెళ్ళాను. ఆ రోజుకు ఆ శిక్ష నాకు తక్కువే అనిపించింది.

మూడో రోజు యాప్‌లో కామెంట్ వచ్చింది. "గొడుగు నా దగ్గరనే ఉన్నది. పేర్లు పెట్టినంక ఇస్త."

పెట్టాను. మొదటి చాప్టర్ నుంచి మళ్ళీ రాశాను. పంపిన ప్రతి పేజీనీ అస్మా ఉతికి ఆరేసింది. మబ్బు పిల్లకు చినుకు అని పేరు పెడితే ఒప్పుకుంది. ఆ పిల్ల తండ్రికి ఉరుమయ్య అని పెడితే మాత్రం ఫోన్‌లో పది నిమిషాలు నవ్వి, "మా నాయిన చీమకు గూడ వినవడకుండ మాట్లాడ్తడు, కని పేరు ఉండనీ," అంది. "మీరు" కాస్తా "నువ్వు" అయింది. "సార్" మాత్రం పోలేదు, వెక్కిరింపుకు పనికొస్తుందని ఉంచుకుంది.

పాఠకులు సగం మంది అలిగారు. "కామెడీ తగ్గింది బ్రో, చదువుడు బంద్" అన్నాడు ఒకడు. ఇంకోవైపు బిచ్కుంద నుంచి రమ అనే ఆవిడ ఇలా రాసింది. "మా దిక్కు మరాఠీ, కన్నడ, తెలుగు అన్ని వినవడ్తయి. ఒకరి యాసను ఒకరం ఎక్కిరిస్తం. మీ ఉరుమయ్య కోట బయట కూసోని తినే చాప్టర్ చదివిన. నిన్న ఒకామెను ఎక్కిరియ్యబోయి ఆగిపోయిన." ఆ కామెంట్ అస్మాకు చదివి వినిపించాను. "ఇంకోసారి చదువు," అంది.

ఆఖరి చాప్టర్ దగ్గరపడుతుంటే నాకు గుబులు మొదలైంది.

"అస్మా, నవల అయిపోతే ఏం సాకు పెట్టుకొని నీతోని మాట్లాడాలె?"

"సాకు లేకుండ మాట్లాడు."

"జిందగీ మొత్తం మాట్లాడొచ్చా?"

"నాకు ఇష్టమే." ఆ మాట ఎంత సూటిగా వచ్చిందంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. "కని మా నాయిన సరే అంటేనే. ఆయన వద్దంటే వద్దు. ముందుగాలనే చెప్తున్న."

ఆఖరి చాప్టర్‌లో కోట రాజు మబ్బుల్లోకి ఎక్కి వెళ్ళి, చేతులు జోడించి క్షమించమన్నాడు. మబ్బు మనుషులంతా ఏడ్చి ఆయనను గుండెలకు హత్తుకున్నారు. యాప్ అంతా హార్ట్ సింబల్స్‌తో నిండిపోయింది. ఆ ధైర్యంతోనే ఎల్లారెడ్డి బస్సెక్కాను.

సత్తార్ చాచా ఇప్పుడు ఊళ్ళు తిరగడం లేదు. ఇంటి ముందు గదిలో దూది ఏకే మిషన్ పెట్టుకున్నాడు. నన్ను చూసి మిషన్ ఆపి, లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. మా ఇంట్లో ఆయన ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. నాకు ఆ కుర్చీలో నిటారుగా కూర్చోవడం చేతకాలేదు.

"బిడ్డ చదివి వినిపించింది. కథ మంచిగనే ఉన్నది బేటా. ఆఖరుకే తప్పు రాసినవ్."

"ఏం తప్పు చాచా?"

"రాజు వచ్చి ఒక్క మాట అనంగనే అందరు అలాయ్ బలాయ్ తీసుకున్నరు. నాలుగు పేజీలల్ల అయిపాయె. మాఫీ గంత జల్ది అయితదా? ఉరుమయ్య మనసుల ఎన్నేండ్లది ఉంటది, జర నువ్వే చెప్పు."

చాచా నీళ్ళ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చాడు.

"నువ్వు మంచోనివే. కని నా బిడ్డ ఉండేది నీ నవలల కాదు, మీ ఇంట్ల. అక్కడ దాన్ని గూడ వాకిట్ల కూసోవెడ్తరేమోనని నాకు భయం."

కాదనలేదు, సరే అనలేదు. బస్సులో తిరిగొచ్చే దారి పొడవునా పచ్చటి పొలాలు, నేను వాటిని చూడనే లేదు.

ఇంటికొచ్చి దాదీకి మొత్తం చెప్పేశాను. "వాళ్ళా?" అంది ఉర్దూలో. ఆ తర్వాత రెండు వారాలు ఆ సంగతి ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం పాన్‌దాన్ ముందు పెట్టుకుని, "నువ్వు రాసిందేదో చదువు," అంది. నేను వాక్యం వాక్యం ఉర్దూలోకి మార్చి చదివాను. ఐదు రోజులు పట్టింది. ఐదో రోజు చెయ్యెత్తి ఆపింది.

"కోటలో ఈ ముసలిది ఎవరు?"

"ఊరికే... కల్పన దాదీ."

"నడుం మీద చెయ్యి పెట్టుకుని మనుషుల్ని ఎక్కిరించేది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే. నాకే అబద్ధం చెప్తావా?"

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను రెండూ చెడగొట్టుకున్నాననుకున్నాను, ఇల్లూ, అస్మానీ. మర్నాడు ఉదయం బుర్ఖా వేసుకుని వచ్చి నా మంచం పక్కన నిలబడింది. "కారు మాట్లాడు. ఎల్లారెడ్డి పోదాం."

అస్మా వాళ్ళమ్మ రుఖియా హడావిడిగా నేల మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచింది. జొన్న రొట్టెలు, గోష్ కూర, పచ్చి పులుసు. ఇలాంటి ఇళ్ళకు వెళ్తే దాదీ "నాకు షుగర్, డాక్టర్ వద్దన్నడు" అని గ్లాసెడు నీళ్ళు కూడా ముట్టదు. వంటింటి గుమ్మంలో అస్మా, గోడకు ఆనుకుని నేను, ఇద్దరం ఆ చేతినే చూస్తున్నాం.

దాదీ రొట్టె తుంచింది. తిన్నది. ఇంకో రొట్టె అడిగింది. తిని చెయ్యి కడుక్కుని, సత్తార్ చాచా వైపు తిరిగి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. దాదీ తెలుగు కూరగాయల బేరానికి తప్ప దేనికీ సరిపోదు.

"సత్తార్ భాయ్. మేము తప్పు చేసినం. నీది కప్పు అలగ్ పెట్టినం. నీది నడక చేసి నవ్వినం. నేను నవ్వించిన. పిల్లలది తప్పు లేదు, నాది."

ఆ వంకర తెలుగుకు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

చాచా చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలును దాదీ ముందుకు జరిపాడు.

"అమ్మా, మాఫీ సంగతి నేనింక సోంచాయించాలె, మనసుల ఆలోచన చేసుకోవాలె. దానికి టైం పడ్తది."

గుమ్మంలో అస్మా కళ్ళు మూసుకుంది.

"పెండ్లికి మాత్రం టైం దేనికి?" అన్నాడు చాచా అదే గొంతుతో. "తారీఖు పెట్టుకుందాం."

ముందుగా రుఖియా చాచీ ఏడ్చింది. అస్మా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియాలి. నేను ఉన్నచోటనే నేల మీద కూలబడ్డాను. ఇన్ని నెలల బరువు ఒక్కసారిగా దిగిపోతే మనిషి నిలబడలేడని ఆ రోజే తెలిసింది.

దాదీ ఒక్కతే తొణకలేదు. దస్తర్‌ఖాన్ మీద ఇంకా మిగిలిన రొట్టెను తన దగ్గరికి లాక్కుంది.

"సోంచాయించు భాయ్," అంది. "నేను ఇంకా పదేండ్లు బతుకుత."