కనుబొమల జవాబు

రేపు ఆత్మల శనివారం, పోయినవాళ్ల పేరిట గుళ్లో ఉడికిన గోధుమలు పంచే రోజు. పొద్దున్నే స్తమాటియా ఉడికిన గోధుమలను గుడ్డ మీద ఆరబోసి, కాలు కాలిన పిల్లిలా వంటింట్లో తిరుగుతోంది. గ్రీసులోని ఎవియా దీవి అడవిలో పైన్ చెట్ల జిగురు తీసి బతికిన ఆమె భర్త థీమియోస్‌ను కార్చిచ్చు మింగేసి మూడేళ్లయింది. థెస్సలొనీకి నగరంలో పరిశోధన చేస్తున్న కూతురు ఎవాంథియా నిన్ననే వచ్చింది, చేతిలో కాగితాల కట్టతో. పెద్ద కష్టం తర్వాత మనిషి ఎంత ఎదిగాడో కొలిచే ప్రశ్నలవి. వాటిని గ్రీకులోకి తెచ్చింది తనే.

"అమ్మా, కాస్త కూర్చో. సున్నా నుంచి అయిదు దాకా ఒక అంకె చెప్తే చాలు."

"నా చెవులు నీ దగ్గరే ఉన్నాయిలే, అడుగు."

"ఆ కష్టం తర్వాత నీలో ఎదుగుదల కనిపించిందా?"

"ఎదుగుదలా? ఆ మాట టీవీలో మంత్రులు అంటే విన్నానే. ఎప్పుడడిగినా దేశానికి వచ్చే ఏడాదే వస్తుందంటారు."

ఎవాంథియాకు నవ్వు రాలేదు. నెలల తరబడి వాదించి ఎంచుకున్న మాట అది. దేవుడి మీద నమ్మకం పెరిగిందా అని అడిగింది. తల్లి నాలుక చప్పరించి కనుబొమలు పైకెత్తింది. అక్కడ 'లేదు' అనడానికి అది చాలు. మనుషులకు దగ్గరయ్యావా? ఒకరి మీద ఆధారపడవచ్చని తెలిసిందా? మళ్లీ కనుబొమలే. ఒక్కో ప్రశ్న పక్కనా ఎవాంథియా సున్నా వేసుకుంటూ పోయింది.

"అన్నీ సున్నాలేనా? కావాలనే చేస్తున్నావు."

"నువ్వు నాన్న కోసం వచ్చావా, కాగితం కోసం వచ్చావా? ఇన్నేళ్లూ గుళ్లో గోధుమలు ఒక్కదాన్నే పంచాను. పనుందన్నావు."

"ఈ ఇంట్లో అడుగు పెడితే పొగ వాసనొస్తుందమ్మా, ఇప్పటికీ."

ఆ మాట నోరు జారి వచ్చేసింది. స్తమాటియా తిరగడం ఆపింది. దగ్గరికొచ్చి కాగితం లాక్కుని, కళ్లజోడు పెట్టుకుంది.

"రెండొందల మందిని అడిగానన్నావు. నిన్నెవరైనా అడిగారా?"

"నన్ను అడగరమ్మా."

"నేనడుగుతున్నా. కష్టంలో ఒకరి మీద ఆధారపడవచ్చని నీకు తెలిసిందా, తల్లీ?"

ఎవాంథియా కనుబొమలు పైకి లేచాయి. ఆ వెంటనే కళ్లు నిండిపోయాయి. మూడేళ్లుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

స్తమాటియా కుర్చీ లాక్కుని ఆమెను ఆనుకుని కూర్చుంది. ఏడుపు ఆగాక, నానబెట్టిన బాదంపప్పుల గిన్నె ముందుకు జరిపింది.

"పొట్టు తియ్యి. గోధుమల్లో కలపాలి."

తర్వాత కలం అందుకుని, తన కాగితంలో ఆ ప్రశ్న పక్కనున్న సున్నా కొట్టేసి, ఒకటి వేసింది.

"ఒకటేనా?" అంది ఎవాంథియా ముక్కు తుడుచుకుంటూ.

"రేపు నాతో గుడికి రా. అప్పుడు చూద్దాం."