నొక్కకుండానే మారిన స్క్రీన్

"ఈ స్క్రీన్ రాసిన మహానుభావుడెవరండీ?"

మా ఆఫీసులో యాప్‌ల తప్పులు పట్టే టెస్టర్ అమ్మాయి నన్ను మొదటిసారి పలకరించిన తీరు అది. చుట్టూ పదిమంది. బడిలో హాజరు పలికినట్టు చెయ్యెత్తాను.

"ఇది ఆసుపత్రి యాప్. పేషెంట్ ఇంకా డాక్టర్ పేరు చదువుతుండగానే మీ స్క్రీన్ మూడు సెకన్లకి 'అపాయింట్‌మెంట్ బుక్ అయింది' పేజీకి దూకేస్తోంది. బటన్ నొక్కిందెవరు, మీ తాతయ్యా?"

"టీమ్ లీడ్ గారు పెట్టమన్నారండీ. కోడ్‌లో ఒక్క లైన్‌తో స్క్రీన్ దానంతటదే మారుతుంది. యూజర్‌కి శ్రమ తగ్గుతుందని..."

"అబ్బో! అన్నం కూడా మీరే నమిలి పెట్టండి!"

మా లీడ్‌కి కోడ్ రాదు, మీటింగులు వచ్చు. అయినా నేను తలూపాను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి, ఎదురు చెబితే ఉద్యోగం పీకేస్తారని భయం.

ఆమె నా స్క్రీన్‌ని వెనక్కి పంపింది. మళ్లీ పంపింది. చివరికి టైమర్ పీకేసి, నొక్కాకే స్క్రీన్ మారేలా రాశాను.

"ఇన్నాళ్లకి మనిషిలా రాశారు" అని నవ్వింది. ఆ నవ్వుకి నా బుర్ర పాడైంది. ఆదివారం ఫోన్‌లో అమ్మతో, "ఆఫీసులో ఒకమ్మాయి ఉందమ్మా, ఒప్పుకుంది" అనేశాను. అంతకుముందు ఒకసారి నా ఫోన్‌లో చార్జింగ్ లేక, 'ఆఫీసులో అమ్మాయి ఫోన్' అని చెప్పి ఆమె ఫోన్‌తో ఇంటికి మాట్లాడాను. ఆ నంబర్ అమ్మ దాచుకుందని నాకేం తెలుసు?

సోమవారం క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చుంది.

"మీ అమ్మగారు ఫోన్ చేసి 'కోడలా' అన్నారు. నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

"నవ్వారు కదా..."

"బస్ కండక్టర్‌ని చూసినా నవ్వుతాను! నన్ను అడక్కుండానే ముందుకెళ్లిపోయారు. ఇక మీకూ ఆ లీడ్‌కీ తేడా ఏముంది?"

లీడ్‌తో పోలికా! చెంపదెబ్బ నయం. ఆమె ముందే అమ్మకి ఫోన్ కలిపాను.

"అమ్మా, అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయిని నేనింకా అడగనే లేదు."

"ఓరి దద్దమ్మా! నీ చదువు తగలెయ్య!" స్పీకర్ పెట్టకుండానే క్యాంటీనంతా వింది.

ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగాను. "ఇప్పుడు అడుగుతున్నాను. నేనంటే మీకు ఇష్టమేనా? కాదన్నా పర్లేదు. అమ్మకి నేనే చెప్పుకుంటాను."

ఆమె టీ చివరి చుక్క దాకా తాగింది. అవతల అమ్మ "హలో, హలో" అంటూనే ఉంది.

ఆమె ఫోన్ అందుకుంది.

"అత్తయ్యా, మీరు తిట్టింది చాలు. మిగతాది నేను చూసుకుంటాను."