కళ్ళు తెరిచి చెప్పు

ఆ ఇంట్లో సామ్యూల్ గారు కళ్ళు మూసుకుంటే మిక్సీ ఆగాల్సిందే. పెళ్ళయిన నాటి నుంచీ అదే పద్ధతి. పొయ్యి మీద పోపు మాడిపోతున్నా సరే, ఆయన రెప్పలు వాలాయంటే కాంతమణి చేతిలో పని చేతిలోనే వదిలేసి, కొంగు తల మీదికి లాక్కుని నిలబడేది. ప్రార్థన మధ్యలో చప్పుడు చేస్తే ఆయన ఎలా చూస్తాడో మల్కాజ్‌గిరిలో ఆ వీధి వీధంతా ఎరుగును.

ఆ శనివారం పొద్దున కూడా అంతే. కాంతమణి పల్లీల చట్నీ పడుతోంది. సామ్యూల్ ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చాడు. ఏదో అడగబోయి ఆగిపోయాడు. కళ్ళు మూశాడు. ఆమె మిక్సీ ఆపింది, కొంగు కప్పుకుంది, తల వంచింది.

ఈ ఏడాదిగా ఆయనకు భక్తి మరీ ఎక్కువైందని కాంతమణి సంబరపడుతూనే ఉంది. మెట్ల మీద ప్రార్థన, బీరువా ముందర ప్రార్థన, తాళంచెవి చేత్తో పట్టుకుని వీధి తలుపు దగ్గర ప్రార్థన! బడి నుంచి రిటైరయ్యాక మనిషి దేవునికి ఎంత దగ్గరయ్యాడో చూడండంటూ చర్చిలో పాస్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రోజు కాంతమణికి కాళ్ళు నేల మీద నిలవలేదు, పాపం.

సామ్యూల్ కళ్ళు తెరిచాడు.

"ఏం గావాలె?" అంది ఆమె. అదే ఆమె చేసిన నేరం.

"నీకు తెల్వదా? నన్నడుగుతవా? ప్రతిదీ నా నోటితోటి చెప్పాల్నా?"

స్టీలు గ్లాసు గాల్లోకి లేచింది. దాని అంచు తగిలి ఆమె కనుబొమ చిట్లింది. నెత్తురు మిక్సీ జారులో పడింది. ఆ పని ఇంకెవరో చేసినట్టు ఆయన ఆ నెత్తురు వైపు కాసేపు చూసి, హాల్లోకి పోయి ఫ్యాన్ కింద కూర్చున్నాడు. కాంతమణి కనుబొమకు ప్లాస్టర్ అతికించుకుంది. చట్నీ పారబోసి, మళ్ళీ పల్లీలు వేయించడానికి బాండీ పెట్టింది. ఏం చేస్తుంది మరి? టిఫిన్ వేళ దాటిపోతోంది.

అప్పుడే షెకీనా వచ్చింది. ఒక్కగానొక్క కూతురు. పెళ్ళి చేసుకుని అల్వాల్‌లో ఉంటోంది. శనివారం సెలవైతే మోండా మార్కెట్‌లో కూరగాయలు కొని పుట్టింటికి సగం తెస్తుంది. సంచీ దించకుండానే తల్లి మొహం చూసింది.

"ఏమైంది మమ్మీ గిది?"

"అల్మారా తలుపు తాకింది."

"మొన్న నల్లా తాకింది. అంతకు ముందు మెట్లు తాకినయ్. అన్నీ నీకే ఎట్ల తాకుతున్నయ్ మమ్మీ? డాడీకి ఒక్కటి సుత తాకదేంది?"

కాంతమణి పల్లీలు కలుపుతూ ఉండిపోయింది. షెకీనా స్టవ్ కట్టేసింది.

"బట్టలు సదురుకో. అల్వాల్ పోదాం. ఇయ్యాల్నే."

"పిచ్చా నీకు? ఆయన్ని ఇడిసిపెట్టి ఎట్లొస్త? కోపం ఎక్కువైంది, నిజమే. ప్రార్థన సుత ఎక్కువైంది గద బిడ్డా. దేవుడే చూస్కుంటడు."

"ఆమెన్ అన్నంక కొట్టేటోని ప్రార్థన ఏం ప్రార్థన మమ్మీ? ఇయ్యాల కన్నుబొమ్మ. రేపు కన్నే పోతే? నేను నిన్ను ఈడ ఉంచి పోను. ఏమన్న అయినంక ఏడ్సుడు నాతోని గాదు."

ఆ మూసిన కళ్ళంటే షెకీనాకు చిన్నప్పటి నుంచీ మంట. తండ్రి బడిలో లెక్కల మాస్టారు, ఆదివారం చర్చి పిల్లల చేత బైబిల్ కంఠత వాక్యం అప్పజెప్పించుకునేవాడు కూడా. షెకీనాకు కళ్ళు మూసుకుంటేనే వాక్యం నోటికొచ్చేది. మూసిందా, చెక్క స్కేలు వేలి కణుపుల మీద పడేది. "కళ్ళు మూస్కునేది దేవుని ముందర. నా ముందర గాదు. కళ్ళు తెరిచి చెప్పు!" తెరిస్తే వచ్చిన వాక్యం కాస్తా పోయేది. పోతే మళ్ళీ దెబ్బ. ఆ స్కేలు ఇప్పటికీ హాల్లో గాజు షోకేసు మీదే ఉంది.

విచిత్రం ఏమిటంటే ఇప్పుడు ఆమెకు తిండి పెట్టే ఉద్యోగమే అది. సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రిలో మెదడు అలల పరీక్ష చేస్తుంది. తలకు వైర్లు అతికించి, రోజంతా వచ్చిన వాళ్ళకల్లా "కళ్ళు మూసుకోండి, ఇప్పుడు తెరవండి" అని చెబుతుంది. మనిషి కళ్ళు మూసుకుని నిమ్మళంగా ఉంటే తల వెనక వైపు ఆల్ఫా అనే అలలు లేస్తాయి, తెర మీద దువ్వినట్టు వరసగా. కళ్ళు తెరవగానే చెదిరిపోతాయి. బయటి సందడిని అడ్డుకుని, లోపల దాచుకున్నది వెతుక్కోవడానికి ఆ అలలు సాయపడతాయని డాక్టర్లు అనుకుంటుంటే వింది. మతిమరుపు రోగం వచ్చిన చాలామందిలో అవి నెమ్మదిస్తాయని కూడా వింది. చిన్నప్పుడు తను చేసింది తప్పు కాదని తెలిసిన రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అంతా తెలుసు ఆమెకు. తెలిసి ఏం లాభం? ఆస్పత్రిలో తెలిసినదాన్ని ఆస్పత్రి గేటు దగ్గరే వదిలేసి ఇంటికొస్తాం మనమంతా.

షెకీనా లోపలి గదిలోకి పోయి తనే తల్లి చీరలు నాలుగు బ్యాగులో కుక్కింది. తల్లి చెయ్యి పట్టుకుని హాల్లోకి తెచ్చింది. సామ్యూల్ కుర్చీలోంచి లేచాడు.

"ఎటు పోతున్నరు?"

"మమ్మీని నాతోని తీస్కపోతున్న."

"నన్నడగకుంటనా?"

"అడిగితే ఏం జేస్తవ్? ఇంకో గ్లాసు ఇసురుతవా?"

ఆయన బ్యాగు పట్టుకుని గుంజాడు. జిప్పు తెగి చీరలన్నీ నేల మీద పడ్డాయి. కాంతమణి వంగి ఏరుకోబోతే రెక్క పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. "నువ్వెటు పోతవే? నువ్వు పోతే నాకు ఎవలు చెప్పాలె? ఎవలు చెప్పాలె?" అని అరుస్తున్నాడు. ఏం చెప్పాలో, ఎందుకు చెప్పాలో ఆ గొడవలో ఎవరికి పట్టింది! ఆమె తల వెళ్ళి తలుపు చెక్కకు కొట్టుకుంది. ప్లాస్టర్ ఊడి కనుబొమ నుంచి మళ్ళీ నెత్తురు కారింది.

షెకీనా రెండు చేతులతో తండ్రి రొమ్ము మీద ఒక్క తోపు తోసింది. ఆయన వెళ్ళి షోకేసు మీద పడ్డాడు. అద్దం భళ్ళున పగిలింది. లోపలి పింగాణీ కప్పులు, బడిపిల్లలు ఇచ్చిన మెమెంటోలు, పైనున్న చెక్క స్కేలు, అన్నీ ఆయన చుట్టూ రాలాయి. గాజు పెంకుల మధ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"చెప్పు! ఎందుకు కొడుతున్నవ్ ఆమెను? ఆమె నీకెవరు? చెప్పు డాడీ!"

సామ్యూల్ నోరు తెరిచాడు. మాట రాలేదు. కళ్ళు మూశాడు.

ఆ సమయంలో కాంతమణి ఏం చేసిందో తెలుసా? మొహం మీద నెత్తురు కారుతుండగానే కొంగు తీసి తల మీద కప్పుకుంది. అలవాటు అలాంటిది మరి.

"తియ్యి మమ్మీ ఆ కొంగు!"

"ప్రార్థన జేస్తుండు బిడ్డా, జెర ఆగు..."

"ప్రార్థన గాదు, దాక్కుంటుండు! ఎప్పుడూ గిదే! కొట్టుడు, దేవుని ఎనక దాక్కునుడు!"

షెకీనా వంగి స్కేలు అందుకుంది. నేల మీద ఆనించిన తండ్రి చేతి కణుపుల మీద కొట్టింది. ఆయన కదల్లేదు. మళ్ళీ కొట్టింది, చర్మం లేచిపోయేలా.

"కళ్ళు తెరిచి చెప్పు!"

ఆ గొంతు ఎవరిదో గది మొత్తానికీ తెలుసు. షెకీనా చెవులు కూడా గుర్తుపట్టాయి. చెయ్యి పైన గాల్లోనే ఆగింది.

సామ్యూల్ కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు జారుతున్నాయి. "ఆగు బిడ్డా," అన్నాడు. "జెర ఆగు. దగ్గరిదాంక వచ్చింది. కళ్ళు తెరిస్తే పోతది."

"ఏంది? ఏం పోతది?"

"పేరు. మీ అమ్మ పేరు."

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. షెకీనా చేతిలోంచి స్కేలు జారింది. కళ్ళు తెరిస్తే పోతది. రోజంతా తెర మీద తను చూసేది అదే కదా! ఊరందరి తలల్లో చూసింది. కన్నతండ్రి తల మాత్రం ఏనాడూ చూడలేదు. బీరువా ముందర, మెట్ల మీద, వీధి తలుపు దగ్గర ఆయన ఏం వెతుక్కుంటున్నాడో ఇప్పుడు అర్థమై, ఆమె ఆ గాజు పెంకుల్లోనే చతికిలబడింది.

"ప్రార్థన గాదా డాడీ అది?"

"గాదు." ఆయన కళ్ళు తెరిచాడు, భార్య వైపు మాత్రం చూడలేకపోయాడు. "యాది చేస్కుంటున్న. పొద్దున గ్లాసు చేతుల ఉన్నది, టీ అన్న మాట యాదికి రాలే. ఈమె కొంగు కప్పుకొని నిలవడ్డది. నేను దేవుని పేరు జెప్పి అందర్ని మోసం చేస్తున్న. కళ్ళు తెరవంగనే ఈమె ఏం గావాలె అంటది. ఈమెకు అన్నీ తెలుసు. నాకే తెల్వది. మండిపోతది లోపల."

"అడగొద్దా? యాదికొస్తలేదు అని ఒక్క మాట అనొద్దా?"

"ఎట్లంట? ఆ మాట అన్నందుకే గద పిల్లల్ని కొట్టింది. నిన్ను సుత."

షెకీనా ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. తను చీల్చిన కణుపులవి. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఆ చేతికి దెబ్బ తగలాలని కోరుకుందో! ఇప్పుడు తగిలింది. సంతోషమేమీ రాలేదు, ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

కాంతమణి మాత్రం ఏడవలేదు. తల మీది కొంగు తీసి దాంతోనే మొహం తుడుచుకుంది. నేల మీది స్కేలు తీసుకుని గడపకు అడ్డంగా పెట్టి కాలితో తొక్కి రెండు ముక్కలు చేసింది. తర్వాత మొగుడి ముందుకొచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆయన్ని "మీరు" తప్ప ఇంకో మాట అనని మనిషి.

"నువ్వు యాది మరిస్తే అడగాలె. గ్లాసు ఎందుకు ఇసరాలె? నోట్ల మాట రాకుంటే నా నెత్తి పలగాల్నా? ఏడాది సంది నేను నెత్తి మీద కొంగేస్కొని ఎవలికి ఆమెన్ అన్న? సిగ్గు లేదా నీకు?" కారుతున్న కనుబొమను కొంగుతో ఒత్తి పట్టుకుంది. "నా పేరు కాంతమణి. మళ్ళ చెప్తున్న, కాంతమణి. పోతే మళ్ళ అడుగు, పది సార్లు అడుగు, చెప్త. చెయ్యి లేసిందో, రోగం అని సుత చూడ. పోత. ఎరికైందా?"

"ఎరికైంది," అన్నాడు సామ్యూల్, బడిపిల్లాడిలా.

ఆ సాయంత్రం ముగ్గురూ అల్వాల్ వెళ్ళారు. కాంతమణి కూతురి గదిలో పడుకుని లోపల గడియ పెట్టుకుంది. అలా పెట్టుకున్నందుకు ఎవరూ ఏమీ అనలేదు. అల్లుడు సామ్యూల్ పక్కన పరుపు వేసుకున్నాడు.

సోమవారం ఆస్పత్రిలో షెకీనా తండ్రి తల మీద చల్లటి పేస్టు రాసి వైర్లు తనే అతికించింది. ఈ ఒక్క పరీక్షతో ఏదీ తేలదు, స్కానింగూ రక్త పరీక్షలూ కావాలని డాక్టరు ముందే చెప్పారు. మంచం మీద ఆయన కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. కాంతమణి కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"కళ్ళు మూస్కో డాడీ," అంది షెకీనా.

ఆయన మూయలేదు. కూతురి చేతుల వైపు చూశాడు, వాటిలో ఏమైనా ఉందేమోనని. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఒకప్పుడు ఆ చూపు తనదే.

"మూస్కో. ఎవ్వరు కొట్టరు."

రెప్పలు వాలాయి. షెకీనా తెర వైపు చూసింది. ముందు ఏమీ రాలేదు. తర్వాత మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లెక్కినట్టు ఒక అల, ఇంకాసేపటికి ఇంకో అల వచ్చాయి. ఉండాల్సిన దానికన్నా నెమ్మది. ఎంత నెమ్మదో, దాని అర్థం ఏమై ఉండొచ్చో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా వస్తున్నాయి. ఇంకా వస్తున్నాయి.

కాళ్ళ దగ్గర కాంతమణి చెయ్యి అలవాటుగా కొంగు మీదికి వెళ్ళి, సగంలో ఆగి, ఒళ్ళోకి దిగింది.

"కాంతమణీ," అన్నాడు సామ్యూల్, కళ్ళు మూసుకునే.

"ఆఁ. ఈడనే ఉన్న."

మాట్లాడితే దవడ కదిలి తెర మీది గీతలన్నీ పిచ్చిగా చెదిరిపోతాయి. పరీక్ష మధ్యలో నోరు విప్పిన వాళ్ళను షెకీనా వెంటనే వారిస్తుంది. ఇప్పుడు వారించలేదు. ఆయన మళ్ళీ ఆ పేరే అన్నాడు, ఇంకోసారి అన్నాడు. ప్రతిసారీ ఆమె పలికింది.

కళ్ళు తెరవమని చెప్పాల్సిన సమయం ఎప్పుడో దాటింది. షెకీనా చెప్పలేదు.