నిలబడి అడిగిన మాట

పెరట్లో దండెం మీద మహతి నల్లకోటూ, పెళ్ళినాటి పసుపు చీరా పక్కపక్కనే ఆరుతున్నాయి. ఆ రెండింటినీ అలా చూస్తే ఆమెకి ఎందుకో నవ్వొచ్చింది. పెళ్ళిపందిరి విప్పి రెండు నెలలు కాలేదు. లాయరుగా పేరు నమోదై ఏడాది కాలేదు. రెండూ కొత్తే, రెండూ తనవే. సత్తెనపల్లిలో అత్తవారిల్లు, గుంటూరులో కోర్టు, మధ్యలో మిరపకాయల ఘాటుకి అందరూ కలిసి తుమ్మే బస్సు. ఈ మధ్య ఆ తుమ్ములు కూడా ఆమెకి ముద్దుగానే ఉన్నాయి.

గేటు దగ్గర ఎవరో స్కూటరు ఆపకుండానే కేకేశాడు.

"పంతులుగారూ! మావాడి గృహప్రవేశానికి వచ్చే నెల్లో ఒక మంచిరోజు చెప్పండి, చాలు!"

మామగారు అనంతపద్మనాభం పూలమొక్కలకి నీళ్ళు పోస్తూ తల కూడా తిప్పలేదు. "బండి ఆపి, చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చో. ఇల్లు ఎవరి పేరున ఉందో, ఎవరి నక్షత్రం ఏమిటో చెప్పు. నిలబడి అడిగితే నేను ముహూర్తం పెట్టను."

"ఒక్క మాటేగా స్వామీ!"

"ఒక్క మాటే. తేడా వస్తే ఇంటిల్లిపాదీ మోయాలి."

స్కూటరు విసుగ్గా వెళ్ళిపోయింది. "మా నాన్న చాదస్తంతో సగం బేరాలు పోతాయి" అన్నాడు మహతి భర్త కౌశిక్, ఆమె చెవి దగ్గర. మహతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

వంటింట్లో అత్తగారు రాజరాజేశ్వరి పండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. "ఆ ఎరుపు చూశావటే? బజారు కాయకి రమ్మన్నా రాదు. నా పసుపు కుంకుమ చేను కాయ ఇది!"

ఆ చేను సంగతి మహతి కాపురానికొచ్చిన మర్నాడే విన్నది. రాజరాజేశ్వరి పెళ్ళిలో ఆమె తండ్రి కాలవ పక్క ఎకరం పసుపు కుంకుమ కింద ఇస్తున్నానని నలుగురి ముందూ చెప్పాడు. నోటిమాటే. కాగితాల్లో భూమంతా ఇప్పటికీ ఆ పెద్దాయన పేరునే ఉంది. ఆయన పోయాక తమ్ముడు రామకాంత్ మొత్తం సేద్యం చేస్తూ, ఏటా ఆ చేను తొలికోత కాయ అక్కకి బస్తాలో పంపుతున్నాడు. ఆ బస్తా దిగినరోజు రాజరాజేశ్వరి వీధంతా పచ్చడి పంచుతుంది. ఈ ఏడు పచ్చడితోపాటు "మా కోడలు లాయరు" అన్న మాట కూడా పంచింది.

దాంతో అందరూ మహతినే అడగడం మొదలుపెట్టారు. పక్కింటావిడ చీటీపాట గొడవ, కూరలబండి అతని ట్రాఫిక్ చలానా, పెళ్ళికొచ్చిన చుట్టాల గోడ తగాదాలు. మహతి అందరికీ సంతోషంగా జవాబిచ్చేది. "లాయరమ్మా" అని పిలిస్తే చాలు, ఆమెకి కొత్తగాజులు తొడుక్కున్నట్టుండేది.

కాఫీలు అవుతుండగా రామకాంత్ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. కూర్చోలేదు.

"అక్కయ్యా, మధ్యాహ్నం ఓసారి రిజిస్ట్రారాఫీసుకి రావాలి. చిన్న సంతకం."

"దేనికిరా?"

"మన పొలం పక్కనుంచి రోడ్డు పడుతోందిగా. మంచి బేరం తగిలింది. నాన్న ఆస్తిలో నీ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెడితే అమ్మేసుకోవచ్చు."

రాజరాజేశ్వరి చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. "నా చేను కూడానా?"

"కాగితంలో నీ చేను, నా చేను అని విడిగా లేదు కదక్కయ్యా. నేనేం సొంతంగా రాయించలేదు, మన లాయరుగార్ని అడిగే రాయించాను. ఏమ్మా అమ్మాయ్, నువ్వేగా చెప్పావు?"

మహతికి ఆ ఫోను గుర్తొచ్చింది.

కిందటి వారం గుంటూరు బస్టాండు పక్కన ఆకుపచ్చ గాజులు ఏరుకుంటుంటే రామకాంత్ ఫోన్ చేశాడు. "లాయరమ్మగారూ, చిన్న డౌటు. తండ్రి ఆస్తి కొడుకు అమ్ముకోవాలంటే కూతురు సంతకం పెడితే చాలా?" ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, గాజుల గలగలలో చెప్పేసింది. "చాలు బాబాయిగారూ. హక్కు విడుదల పత్రం రాయించి రిజిస్టరు చేయిస్తే సరి." ఏ తండ్రి, ఏ కూతురు అని అడగాలని తోచనే లేదు.

"వాడికి చెప్పావు" అంది రాజరాజేశ్వరి నెమ్మదిగా. "ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్నట్టుంటున్నాం. నాకు చెప్పలేదు."

"అత్తయ్యగారూ, అది మీ చేను గురించని..."

"ఊరంతా మా కోడలు లాయరని చాటుకున్నానే! నీ చదువు ముందు నా మెడకే చుట్టుకోవాలా?"

"అమ్మా, తనకేం తెలుసు? తెలీక చెప్పింది" అన్నాడు కౌశిక్.

"తెలీకుండా చెప్పేదాన్ని లాయరంటారట్రా?"

ఆ మాట మహతికి సూటిగా తగిలింది. చట్టప్రకారం నేను చెప్పింది తప్పు కాదండీ అనబోయి ఆగింది. అత్తగారి వేళ్ళకి మిరపరసం అంటుకుని ఉంది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకోబోతుంటే మహతి గబుక్కున చెయ్యి పట్టుకుని, తన కొంగుతో ఆ కళ్ళు ఒత్తింది. ఆవిడ విదిలించుకుంది.

"బాబాయిగారూ" అంది మహతి, రామకాంత్ వైపు తిరిగి. "ఆ రోజు నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏం, వారంలో చట్టం మారిందా?"

"చట్టం మారలేదు. ఎవరి కోసం అడుగుతున్నారో కనుక్కోకుండా చెప్పడం నా తప్పు. నేను మీ లాయర్ని కాను. మీకు కావాలంటే వేరే ఆయన్ని పెట్టుకోండి."

"అద్గదీ!" అంది రాజరాజేశ్వరి. "అయితే ఇప్పుడు నా తరఫున చెప్పు."

"మీ లాయర్ని కూడా కాను అత్తయ్యగారూ."

మహతి అత్తగారి ఎదురుగా కింద కూర్చుంది.

"ఒకసారి ఆయనకి సలహా చెప్పాను. ఇప్పుడు ఇటు తిరిగి మీకు చెప్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. ఒక్కటి మాత్రం అంటాను. ఇవాళ సంతకం పెట్టకండి. మీకంటూ ఒక లాయరు ఆ కాగితం చదివి చెప్పాక పెట్టాలో మానాలో మీ ఇష్టం."

"ఇంట్లో లాయర్ని పెట్టుకుని బజార్న పడి లాయర్ని వెతుక్కోవాలా! నలుగురూ నవ్వరూ?"

అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటున్న అనంతపద్మనాభం గొంతు సవరించుకున్నాడు. "మన పెళ్ళికి మంత్రాలు నేనే చదువుకున్నానా రాజ్యం? చీరాల నుంచి వేరే ఆయన్ని పిలిపించలేదూ?" తర్వాత బావమరిదివైపు తిరిగాడు. "రామకాంతూ, చెప్పులు విప్పి కూర్చో. ఏం అవసరమొచ్చిందో అక్కయ్యని అడుగు. చట్టాన్ని తర్వాత అడుగుదువు గాని."

రామకాంత్ కూర్చున్నాడు. కవరు మడతలు పెడుతూ చెప్పాడు.

"వ్యవసాయం నావల్ల కావట్లేదక్కయ్యా. పత్తిని గులాబీ పురుగు తినేస్తోంది. మిరప తోటకి నల్లతామర పురుగు. నిన్నడగడానికి మొహం చెల్లలేదు."

"మొహం చెల్లకపోతే కాగితం పట్టుకొస్తావా? మరి నా చేలో బాగానే కాసిందిగా? అదిగో, బస్తా!"

అతను తల వంచుకున్నాడు. "నీ చేలో కాయే లేదక్కయ్యా. పోయినేడూ లేదు, ఈ ఏడూ లేదు. గుంటూరు మిర్చి యార్డులో కొని పంపాను. పసుపు కుంకుమ చేను కాయ రాలేదంటే నువ్వు తట్టుకోలేవని."

రాజరాజేశ్వరి బస్తాకేసి చూసింది. బజారు కాయకి ఈ రంగు రాదని వీధంతా చెప్పిన మాట గుర్తొచ్చిందేమో, నవ్వబోయి ఏడ్చేసింది. "ఓరి పిచ్చి సన్నాసీ! చేను అమ్ముతానని చెప్పలేనివాడివి, కాయలు కొని పంపావుట్రా!" ఈసారి మహతి కొంగు అందిస్తే విదిలించుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఎవరూ రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళలేదు.

తర్వాతి వారం అత్తాకోడళ్ళు గుంటూరు బస్సెక్కారు. దారంతా తుమ్ములే తప్ప మాటలు లేవు. అరండల్‌పేటలో శివపార్వతి అనే పెద్దావిడ లాయరు. మహతి పనిచేసే ఆఫీసుకీ ఆవిడకీ సంబంధం లేదు. అత్తగారు లోపలికెళ్ళబోతూ వెనక్కి చూసింది.

"నువ్వు రావా?"

"నేనుంటే మీరు నా మొహం చూసి మాట్లాడతారు. మీకేం కావాలో అదే చెప్పండి."

వరండా బల్ల మీద, ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని మహతి కూర్చుంది. నల్లకోటు తెచ్చుకోలేదు. కోర్టులో మొదటి వాయిదా అడిగిన రోజు కూడా ఆమె ఇంత కంగారు పడలేదు.

తలుపు తెరుచుకుంది. రాజరాజేశ్వరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ నడక తేలిగ్గా ఉంది.

"ఏం తేల్చుకున్నానో నీకు చెప్పకూడదటగా?"

"లాయరుకి చెప్పకండి అత్తయ్యగారూ."

"మరి కోడలికో?"

మహతి చెప్పమన్నట్టు తలూపింది.

"మిగతా పొలమూ, నా చేలో రోడ్డువైపు సగమూ వాడికి వదిలేస్తున్నాను. కడుపుకి లేక అమ్ముకుంటున్నాడు, పోనీ. కాలవవైపు సగం మాత్రం నా పేరున రిజిస్టరు చేయాలి. ఇక నోటిమాటలు లేవు. బస్సులోంచే వాడికి ఫోన్ చేస్తాను."

చెప్పడం ఆపి, కోడల్ని మోచేత్తో పొడిచింది.

"ఇంకా బోలెడుంది. నిలబడి చెప్పే మాటలు కావు. కాస్త జరుగు."

మహతి కళ్ళు తుడుచుకుని బల్ల మీద పక్కకి జరిగింది.