రెండు పిక్కల కుడుము

ఆ ఆదివారం పది గంటలకు వ్లాస్తా ముందు ఉన్నవి ముప్ఫయ్యారు ప్లమ్ పండ్లు, ఉడికించి తురిమిన బంగాళాదుంపలు ఒక బేసిన్ నిండా, భోజనానికి ఇంకా మూడు గంటల సమయం. వీటికి తోడు, ఎవరికీ చెప్పని ఉపాయం ఒకటి.

పండ్లు పెరటి చెట్టువే. సిసెరో ఊళ్ళో వాళ్ళ వీధిలో సగం ఇళ్ళ వెనక అలాంటి చెట్టు ఉంటుంది. సెప్టెంబరు వచ్చిందంటే సగం వంటిళ్ళలో ప్లమ్ కుడుములే ఉడుకుతాయి. పిక్క తీయకుండా పండును పండుగానే పిండిలో పెట్టి మూసేస్తారు. తినేటప్పుడు ఎవరి పిక్కలు వాళ్ళు పళ్ళెం అంచున పెట్టుకోవాలి. చివర్లో లెక్కపెట్టి పైకి చెప్పాలి. ఎవరికి ఎక్కువుంటే వాళ్ళే ఆ ఏటి మొనగాళ్ళు.

మూడేళ్ళుగా మొనగాడు లాద్యా. పై అంతస్తులో ఉండే పెద్దమ్మ కొడుకు. పన్నెండేళ్ళవాడు. పోయిన ఏడు పదకొండు తిన్నాడు. వ్లాస్తా ఏడు దగ్గర ఆగిపోయింది.

"ఏమే పిట్టకడుపూ! ఈసారి ఎన్ని? ఆరా, ఆరున్నరా?" వంటింటి గుమ్మంలో నిలబడి లాద్యా అడిగాడు.

"చూస్తావుగా," అంది వ్లాస్తా.

వ్లాస్తా దేన్నయినా తూచి చూసే పిల్ల. వారం రోజులు బాగా ఆలోచించింది. కడుపులో ఏడు కుడుములే పడతాయి. కడుపును పెంచడం తన చేతిలో లేదు. కుడుములో పండ్లను పెంచడం మాత్రం తన చేతిలోనే ఉంది. ఒక్కో దానిలో రెండు పండ్లు పెడితే, ఏడు కుడుములకు పద్నాలుగు పిక్కలు. లాద్యా పదకొండు ఎక్కడ, తన పద్నాలుగు ఎక్కడ!

"కబుర్లు చాలు. పండ్లు తుడవండి," అంది అమ్మమ్మ. "తడి ఉంటే పిండి పట్టదు. ఇవాళ ఒక్కటి కూడా పాడవకూడదు."

ఎందుకో ఇద్దరికీ తెలుసు. ముందు గదిలో కిటికీ పక్కన కూర్చున్న హినెక్ తాతయ్య కోసం.

హినెక్ తాతయ్య అమ్మమ్మకు అన్న. అమ్మమ్మ సొంత దేశం వదిలి ఓడెక్కి ఇక్కడికి వచ్చిన ముప్ఫై ఏళ్ళ తర్వాత, మూడు వారాల క్రితమే ఆయనా వచ్చాడు. యుద్ధం తర్వాత రెండేళ్ళు జర్మనీలో శరణార్థుల క్యాంపులో ఉన్నాడు. ఎముకల గూడులా ఉన్నాడు. అమ్మ కోడిని వండింది. నాన్న పొగబెట్టిన మాంసం తెచ్చాడు. ఏది పెట్టినా ఆయన చెంచాతో అటూ ఇటూ కదిపి, మర్యాదగా నవ్వి, పళ్ళెం పక్కకు జరిపేవాడు. రోజు మొత్తానికి కాఫీలో ముంచిన రెండు రొట్టె ముక్కలు. అంతే.

"ఇలాగైతే శీతాకాలం గట్టెక్కరు," అని డాక్టరు అమ్మతో అన్నాడు.

అందుకే అమ్మమ్మ ప్లమ్ పండ్ల కోసం కాచుకుని కూర్చుంది. "మా అమ్మ చేసిన కుడుములంటే అన్నయ్య ప్రాణం పెట్టేవాడు. అచ్చం అలాగే చేస్తాను. అవి తినకపోతే ఇంక ఏం పెట్టాలో నాకు తెలియదు," అంది పిండి కలుపుతూ.

బంగాళాదుంప పిండి ఎక్కువసేపు ఆగదు. చేతి వేడికి జారుతుంది. అందుకే అమ్మమ్మా, వ్లాస్తా గబగబా చేస్తున్నారు. అమ్మమ్మ పిండిని బిళ్ళలుగా చేసి, మధ్యలో పండు పెట్టి, అంచులు కలిపి, అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతోంది. వ్లాస్తా బల్ల రెండో చివర అదే పని చేస్తోంది. అమ్మమ్మ వెన్న కరిగించడానికి పొయ్యి వైపు తిరిగినప్పుడల్లా ఒక బిళ్ళలో రెండు పండ్లు పెట్టేస్తోంది. పిండి పల్చగా సాగుతోంది. లాగి లాగి మూసింది. గుర్తు కోసం ఒక్కోదాని మీద చిన్న ముక్కులా నొక్కింది.

అలా ఏడు.

"అదేంటి, మొత్తం ఇరవై తొమ్మిదే అయ్యాయి?" అమ్మమ్మ లెక్కపెట్టి చూసింది. "ముప్ఫయ్యారు రావాలే!"

"పండ్లు కొన్ని కుళ్ళిపోయాయి," అంది వ్లాస్తా. ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియలేదు. నోట్లోంచి వచ్చేశాక చెవులు వేడెక్కాయి.

మొదటి వాయికి పదిహేను. తనవి ఏడూ ముందే ఉడికిపోవాలని వ్లాస్తా వాటిని మొదట వేసింది. వాటి పక్కన అమ్మమ్మ చేసినవి ఎనిమిది. మూత పెట్టారు.

ఐదు నిమిషాలకు వాసన మారింది. అమ్మమ్మ మూత తీసింది.

కుండలో నీళ్ళు లేవు. ఊదారంగు జావ ఉంది. కుడుములన్నీ ఒకదానికొకటి అతుక్కుని, చీలి, పిండి విడిపోయి తేలుతున్నాయి. పగిలినవాటి జిగురు పట్టి, పగలనివి కూడా చిరిగిపోయాయి. అమ్మమ్మ కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మేసింది. గరిటెతో ఒక ముద్ద పైకి తీసి, అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మో! గోడకు పోస్టర్లు అంటించడానికి పనికొస్తుంది," అన్నాడు లాద్యా.

"నోర్ముయ్," అంది అమ్మ, లోపలికి వస్తూ. కుండలోకి తొంగిచూసి ఆమె కూడా ఆగిపోయింది.

"నా చేతులు మర్చిపోయాయి," అంది అమ్మమ్మ. గొంతు చాలా చిన్నగా ఉంది. "యాభై ఏళ్ళుగా చేస్తున్నాను. ఒక్కసారి కూడా ఇలా కాలేదు. పిండిలోనే ఏదో తప్పు చేశాను."

"పోనీలే అమ్మా. ఎవరికైనా అవుతుంది."

"మిగతావీ అదే పిండి. ఇవీ ఇంతే." అమ్మమ్మ గరిటెను కుండ అంచున ఆనించి ఆప్రాన్ విప్పేసింది. "పారేయ్. అన్నయ్యకు కాఫీ, రొట్టె ఇచ్చేద్దాం. నాకింక చేతకాదు."

అమ్మ బల్ల మీద ఉన్న పద్నాలుగు కుడుముల పళ్ళెం ఎత్తింది. చెత్తబుట్ట తలుపు పక్కనే ఉంది.

వ్లాస్తా గరిటెలోని ముద్ద వైపు చూసింది. అందులో రెండు పిక్కలు పక్కపక్కనే ఉన్నాయి. అమ్మమ్మకు అద్దాల మీద ఆవిరి. అమ్మ చూడలేదు. లాద్యా చూడలేదు. ఊరుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పద్నాలుగు మంచి కుడుములు చెత్తబుట్టలోకి పోతాయి. ముందు గదిలో ఆయన మళ్ళీ కాఫీలో రొట్టె ముంచుతాడు. అమ్మమ్మ ఇంక ఎప్పుడూ పిండి కలపదు.

తన వైపు మిగిలేది లాద్యా వెక్కిరించకపోవడం ఒక్కటే. ఇంత నష్టానికి అంత చిన్న లాభమా!

"అమ్మా, ఆగు! పారేయకు!"

అందరూ తిరిగి చూశారు.

"పిండి మంచిదే. నేనే... నేను కొన్నిట్లో రెండేసి పండ్లు పెట్టాను. పిక్కలు ఎక్కువ రావాలని. పండ్లు కుళ్ళిపోలేదు. అదీ అబద్ధమే."

లాద్యా నోరు తెరిచాడు. అమ్మ వైపు చూసి మూసేశాడు.

అమ్మమ్మ అద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని గరిటెలోకి చూసింది.

"ఎన్నిట్లో?"

"ఏడిట్లో."

"అయితే..." అమ్మమ్మ ఆగింది. "నా పిండి బాగానే ఉందంటావా?"

తిట్టి ఉంటే వ్లాస్తా తట్టుకునేది. ఆ ప్రశ్నకు ఏడుపొచ్చేసింది. "నీ పిండి చాలా బాగుంది అమ్మమ్మా! నేను లాగి పల్చగా చేశాను. నీవి పాడవడం కూడా నావల్లే."

అమ్మమ్మ ఆప్రాన్ మళ్ళీ కట్టుకుంది. "ఏడుస్తూ నిలబడితే నీళ్ళు మరగవు. కుండ కడిగి తే. అడుగంటింది, బాగా తోము."

వ్లాస్తా చేతులు ఎర్రబడేదాకా తోమింది. లాద్యా కుళాయి తిప్పాడు.

రెండో వాయి తెల్లగా, నున్నగా, ఒక్కటి కూడా చీలకుండా పైకి తేలింది. పైన పనీర్ తురుము, చక్కెర, కరిగించిన వెన్న. బల్ల దగ్గర ఆరుగురు. తాతయ్యకు నాలుగు, మిగతావాళ్ళకు రెండేసి. వ్లాస్తాకు కూడా అమ్మమ్మ రెండు వేసింది.

తాతయ్య చెంచాతో ఒక కుడుమును చీల్చాడు. ఎర్రటి రసం వెన్నలోకి పారింది. కొంచెం నోట్లో పెట్టుకున్నాడు. ఎవరూ నమలడం లేదు. ఆయన వైపు చూడకుండా చూస్తున్నారు.

పిక్క పళ్ళెం అంచున పెట్టాడు. ఇంకోటి చీల్చాడు. తర్వాత ఇంకోటి. నాలుగోది కూడా అయ్యాక తలెత్తి మధ్యలో ఉన్న పెద్ద గిన్నె వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. చెంచా నెమ్మదిగా కింద పెట్టబోయాడు.

వ్లాస్తా లేచి తన పళ్ళెంలోని రెండు కుడుములూ ఆయన పళ్ళెంలోకి జార్చింది.

"మరి నీకో పిల్లా?"

"నాకు వంటింట్లో బోలెడంత జావ ఉంది తాతయ్యా. నేను చేసిందే."

లాద్యా కిసుక్కుమన్నాడు. నాన్న కూడా నవ్వాడు. తాతయ్యకు విషయం తెలియదు. అయినా నవ్వాడు. ఇన్నాళ్ళ మర్యాద నవ్వు కాదది. పెదాల మీద చక్కెర ఉంది.

"సరే, లెక్క చెప్పండి," అన్నాడు నాన్న.

"రెండు," అన్నాడు లాద్యా.

తాతయ్య వేలితో ఒక్కో పిక్కనూ తాకుతూ లెక్కపెట్టాడు. "ఆరు! అనెష్కా, నీది అచ్చం అమ్మ చెయ్యే," అన్నాడు చెల్లెలితో.

అమ్మమ్మ ఆప్రాన్‌తో ముక్కు తుడుచుకుంది.

"వ్లాస్తా?"

"సున్నా," అంది వ్లాస్తా, అందరికీ వినపడేలా.

భోజనాలయ్యాక పళ్ళాలు తీయడానికి ఆమే లేచింది. అన్నీ తీసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. తాతయ్య పళ్ళెం మీద చెయ్యి వేయబోతే అమ్మమ్మ ఆపింది.

"దాన్ని అలా ఉండనీ."

సాయంత్రం దీపాలు వేసేదాకా, ఆరు పిక్కలతో ఆ పళ్ళెం బల్ల మీదే ఉంది.