కుడి కార్నర్ మీద కుళ్ళు

అనురాగ్ నిఖిలేష్‌ను మొట్టమొదటిసారి దగ్గరగా చూసినప్పుడు ఆ కుర్రాడి కుడిపాదం నీహారిక ఒళ్ళో ఉంది.

పాదమంటే అలాంటిలాంటి పాదం కాదు. పుట్టి దొరకనప్పుడు దానిమీద నలుగురు సర్దుకుని కూర్చుని మూసీ దాటవచ్చు. ఆ పాదం చీలమండకు ఆమె తెల్ల టేపు చుడుతోంది. చుట్టుకో నవ్వు నవ్వుతోంది. గుమ్మంలో నిలబడ్డ అనురాగ్ కడుపులో అంటుకున్న మంట మీద దేగిసా పెట్టి ఉంటే, కార్వాన్ బస్తీ మొత్తానికి ఆ పూట బిర్యానీ ఉడికేది.

"మరీ బిగించానా?" అంది నీహారిక.

"బిగించున్రి మేడమ్. మీరు కట్టినంక నొప్పికి గూడ సిగ్గయితది," అన్నాడు నిఖిలేష్.

అనురాగ్ గట్టిగా దగ్గాడు.

ఆమె తలెత్తకుండానే, "వచ్చారా రైడర్ గారూ! కూర్చోండి. ముందు చీలమండ, తర్వాత మోకాలు," అంది.

అదీ అసలు బాధ. ఆమె దృష్టిలో అతనొక మోకాలు.

ఒకప్పుడు యూనివర్సిటీ కబడ్డీలో అనురాగ్ కూతకు వెళ్తే అవతలి జట్టువాళ్ళు ముందే బయటికెళ్ళి నీళ్ళు తాగేవారని చెప్పుకునేవాళ్ళు. గీత దాటడం, బొటనవేలితో ఒకడిని తాకడం, అదే ఊపిరితో వెనక్కి రావడం. అంతా రెప్పపాటు పని. మోకాలి లిగమెంట్ తెగింది, ఆట ఆగింది. కార్వాన్‌లో నాన్నగారి ఇత్తడి సామాన్ల దుకాణంలో కూర్చోలేక, లీగ్ ఆడే ఒక టీములో ఉద్యోగానికి కుదిరాడు. కాలేజీలు తిరిగి కుర్రాళ్ళ ఆట చూడాలి. ఆటగాళ్ళ వేలానికి పనికొచ్చేవాడెవడో, రానివాడెవడో చెప్పాలి.

మోకాలిని బాగుచేసింది నీహారిక. ధూల్‌పేట్‌లోని పాత తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, కాలేజీ కబడ్డీ జట్టు ప్రాక్టీసు చేస్తుంది. ఆ జట్టుకు ఆమె ఫిజియో. నొప్పి ఎప్పుడో తగ్గిపోయింది. కానీ తగ్గిందంటే ఆ గుమ్మంలోకి రావడానికి సాకు ఉండదు కదా! అందుకని నయాపూల్ దాకా లేడిలా నడిచేవాడు, తాలీం గేటు కనబడగానే కుంటేవాడు. ఒకరోజు తొందరలో రెండోకాలు కుంటుతూ వచ్చాడు. ఆమె మారుమాటాడకుండా ఆ కాలికే కాపడం పెట్టింది.

ఇప్పుడు టీముకు కుడి కార్నర్ కావాలి. కూతకొచ్చినవాడి చీలమండను మూలనుంచి దూకి పట్టేవాడన్నమాట. ఊరంతా చెప్పిన పేరు ఒక్కటే: నిఖిలేష్.

*

"ఎట్లున్నడు మా పోరడు?" అని అడిగాడు తాలీం నడిపే ఉస్తాద్ బాలరాజ్. మీసం పక్కకి తీస్తే గానీ మాట బయటికి రాని మనిషి.

అనురాగ్ మూడు సాయంత్రాలు గట్టుమీద కూర్చుని చూశాడు. నిఖిలేష్ పడితే వదలడు. వినాయకుడి బొమ్మలు చేసే ఇంట్లో పుట్టి, నడక కంటే ముందు మట్టి పిసకడం నేర్చిన చేతులవి. ఒకడి కాలు పట్టాడంటే వాడు ఆ కాలు అక్కడే వదిలి పారిపోవాల్సిందే.

"ఏమున్నది ఉస్తాద్," అన్నాడు అనురాగ్, వేపాకు నమిలినట్టు. "మట్టి మీదైతే పట్టుకుంటడు. లీగుల మ్యాట్ ఉంటది. షూస్ ఉంటయ్. చెమటకు జారుతది."

"ఇంక?"

"జుట్టు గూడ ఎక్కువున్నది."

"జుట్టు?"

"కండ్లల్ల పడ్తది గద."

ఉస్తాద్ మీసం కింద ఏదో కదిలింది. "జుట్టుకు మంగలి ఉన్నడు బేటా. నీ కడుపుల దానికే మందు దొరుకుతలేదు."

అనురాగ్ వినపడనట్టు చూపు తిప్పుకున్నాడు. తిప్పిన చోటే నీహారిక ఉంది. నిఖిలేష్ చేతివేళ్ళకు ఒక్కొక్కదానికీ టేపు చుడుతూ, అతని చెవిలో ఏదో చెబుతోంది. ఇద్దరూ ఫోనులోకి తలలు పెట్టి చూశారు. నిఖిలేష్ తల ఊపాడు. ఆమె అతని నెత్తిమీద ఒక్కటిచ్చింది. తన నెత్తిమీద నీహారిక ఎప్పుడైనా కొట్టిందా? లేదు. ఎప్పుడూ మోకాలే.

ఇంటికెళ్ళే దారంతా లెక్క తేలలేదు. వాడు బాగున్నాడని చెప్తే క్యాంపుకు వేరే రాష్ట్రం పోతాడు, పీడా వదులుతుంది. కానీ వేలంలో అమ్ముడై టీవీలో కనబడతాడు, ఆమె రోజూ చూస్తుంది. బాగాలేడని చెప్తే టీవీలో కనబడడు. కానీ ఆ ఏనుగుపాదం యథాప్రకారం ఆమె ఒళ్ళోనే ఉంటుంది. మెచ్చుకున్నా నష్టమే, తిట్టినా నష్టమే! అసూయకు కూడా ఇంత తెలివి అవసరమని అతనికి ఆ రోజే తెలిసింది.

చివరికి తిట్టడానికే నిశ్చయించుకున్నాడు. మర్నాడు తాలీం పక్కన టార్పాలిన్ కింద మట్టి పిసుకుతున్న ముసలామె పిలిచింది. నిఖిలేష్ నానమ్మ, నాగమణమ్మ.

"బిడ్డా, ఆటగాళ్ళను ఏరుకపోయేది నువ్వేనా?"

"అవునమ్మా."

"ఈ ఏడుతోని వాని కాలేజీ ఒడుస్తది. నువ్వు వద్దంటే ఇగ వాడు ఈ మట్టిలనే. నాకైతే మంచిదే, ఇంకో చెయ్యి కలుస్తది." ఆమె తొండం వంపు సరిచేసింది. "కాని వాని మొఖం చూడలేను. నిజమే చెప్పు బిడ్డా. మంచిది గాదు, నిజం."

అనురాగ్‌కు ఆ వేపాకు గొంతులోనే ఆగిపోయింది.

*

ఆ సాయంత్రం తీర్పు చెప్పడానికి లేచాడు. ఆకాశం బర్రెలా నల్లగా ఉంది.

"నిఖిలేష్ విషయం ఏందంటే..." అని మొదలుపెట్టబోయాడు.

"ఆగు," అన్నాడు ఉస్తాద్. "మా తాలీం రివాజ్ తెల్వదా? ఒకని పట్టు గురించి మాట్లాడాలంటే ముందుగాల వాని చేతుల్ల పడాలె. తర్వాత ఇదే మట్టి పిడికిట్ల పట్టుకొని చెప్పాలె. గట్టుమీద కూసొని చెప్పిన మాట ఈడ చెల్లదు."

"నేను... కూతకు పోవాల్నా? ఉస్తాద్, నా మోకాలు..."

అందరూ నీహారిక వైపు చూశారు. ఆమె గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని ఉంది.

"చెప్పండి రైడర్ గారూ. ఇంకా నొప్పేనా?"

ఉందంటే తీర్పు లేదు. లేదంటే రేపటినుంచి ఈ గుమ్మం లేదు. అనురాగ్ జీవితంలో ఇంత ఇరుకు సందు ధూల్‌పేట్‌లో కూడా చూడలేదు. టార్పాలిన్ కింద ముసలామె చేతులు ఆగి ఉన్నాయి.

"లేదు," అన్నాడు మెల్లగా. "మస్తు రోజులైంది తగ్గి."

"హమ్మయ్య!" అంది నీహారిక. అంతే. కోపమో సంతోషమో అందులోంచి తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు.

చొక్కా విప్పి గట్టున పెట్టాడు. అప్పుడే వాన మొదలైంది. ముందు పెద్దచుక్కలు వచ్చి స్థలం చూసుకున్నాయి, ఆనక బంధువర్గమంతా దిగింది. మట్టివాసన లేచింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

గీత దాటగానే ఒళ్ళంతా పాత అనురాగ్ లేచి కూర్చున్నాడు. ఎడమకు ఊరించాడు, మధ్యకు వచ్చాడు, గిర్రున తిరిగాడు. వానచినుకులు కూడా అతన్ని తాకలేక పక్కనుంచి పోయాయని ఆ రోజు చూసినవాళ్ళు ఇప్పటికీ ఒట్టేస్తారు. కుడిమూలన నిఖిలేష్ వంగి, పక్కవాడి చెయ్యి పట్టుకుని కాచుకుని ఉన్నాడు. ఇప్పుడే! కుడికాలు చాపి బొటనవేలితో ఒక్క తాకుడు, వెనక్కి.

కాలు చాపాడు. కాలు చేరకముందే చెయ్యి వచ్చింది.

చీలమండ చుట్టూ పది వేళ్ళు బిగిశాయి. అనురాగ్ గీతవైపు దూకాడు, పాకాడు, ఈదాడు. గీత ముందు బెత్తెడు దూరంలో ఊపిరి తెగింది. మొహం బురదలో పడింది.

తాలీం అంతా ఈలలు.

అనురాగ్ లేచి కూర్చున్నాడు. పిడికిట్లోకి తడిమట్టి తీసుకున్నాడు. నీహారిక గుమ్మం వదిలి వానలోకి వచ్చి నిలబడింది. ఆ చూపు నిఖిలేష్ మీద ఉందో, తన మీద ఉందో అతనికి కనబడలేదు, కళ్ళలో బురద. అదీ ఒకందుకు మంచిదే అయింది.

"మట్టి పట్టుకున్న. నిజమే చెప్త," అన్నాడు. "వీడు పక్కోని చెయ్యి తొందరగ ఇడుస్తడు. ఒంటరిగ దుంకుతడు. తెలివైన రైడర్ దొరికితే రెండుసార్లు మోసపోతడు. మ్యాట్ మీద నడుము ఇంక కిందికి దించాలె. అది నేర్పితే వస్తది. ఆ పట్టు నేర్పితే రాదు. మా టీముకే గాదు, ఏ టీముకైనా పనికొస్తడు. నేను పంపుత."

నాగమణమ్మ మట్టిచేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటే అర్థమైతలేదు," అన్నాడు అనురాగ్. "నేను కాలు సాపకముందే నీ చెయ్యి వచ్చింది. గది దేవుడిచ్చిన చూపు తమ్మీ."

"దేవుడు గాదన్నా," అన్నాడు నిఖిలేష్, చీలమండ ఇంకా వదలకుండానే. "మేడమ్."

"ఏంది?"

"కుడికాలు సాపే ముంగట నువ్వు ఎడమచేత్తోని ముక్కు తుడ్సుకుంటవన్నా. నీ పాత మ్యాచులన్నీ మేడమ్ ఫోన్ల ఉన్నయ్. అన్నిట్ల గంతే. రోజూ కూసోవెట్టి చూపిస్తది. 'ఈయనను పట్టగలిగితే ఎవ్వరినైనా పడ్తవ్' అంటది. నీ ముక్కు చూసి చూసి నాకైతే కల్లోకి గూడ వస్తున్నదన్నా!"



అనురాగ్ ముక్కు తుడుచుకోబోయి, చెయ్యి మధ్యలోనే ఆపేశాడు. తనతో ఆడిన ఏ జట్టూ ఈ అలవాటు పట్టలేదు. కోచ్ పట్టలేదు. తనకే తెలియదు. ఒక మనిషి ఆ ముక్కును ఎంతసేపు, ఎంత ఇష్టంగా చూసి ఉంటే...

"నిఖిలేష్!" అంది నీహారిక. మొహం దానిమ్మగింజలా ఉంది. "కాలు వదులు. వదిలి లోపలికి పో."

"పోరడు పోతడు గాని, మేము గూడ పోవాల్నా?" అన్నాడు ఉస్తాద్. అంటూనే అందరినీ షెడ్డులోకి తోలుకుపోయాడు. నాగమణమ్మ మాత్రం కదల్లేదు. వినాయకుడి చెవులు చేసే మిషతో తన చెవులు ఇటే పెట్టింది.

"మీకు మ్యాచులు ఎవరిచ్చిన్రు?" అన్నాడు అనురాగ్.

"మీ కాలేజీవాళ్ళని అడుక్కున్నాను. మోకాలు ఎలా తెగిందో చూద్దామని మొదలెట్టానండీ. తర్వాత మోకాలు చూడ్డం మర్చిపోయాను."

"మరి నా నొప్పి సంగతి..."

"మీరు కాలు మార్చి కుంటిన రోజే తెలిసింది. చెప్తే రావడం మానేస్తారని ఊరుకున్నాను. ఇద్దరం ఒకే అబద్ధం మీద బతికాం."

"గా నిఖిలేష్ పాదం ఒళ్ళె పెట్టుకొని నవ్వుడేంది మరి?"

"అబ్బో! వాడికి జుట్టు ఎక్కువైందని ఉస్తాద్‌తో అన్నది అందుకా?" అని ఫక్కున నవ్వింది. "వాడు మీలా ముక్కు తుడుచుకుని చూపిస్తుంటే నవ్వు రాదేంటండీ!"

అనురాగ్ పిడికిట్లో మట్టి ఇంకా అలాగే ఉంది.

"నీహారికా," అన్నాడు. మేడమ్ అన్నమాట వానకు కొట్టుకుపోయింది. "మట్టి పట్టుకొనే ఉన్న. ఇంకో నిజం గూడ చెప్పాల్నా?"

"అక్కర్లేదు. ముక్కు చూస్తే తెలుస్తోంది," అని, కొంగుతో అతని మొహం మీది బురద తుడిచింది. "కానీ అసలు కూతకు మా ఇంటికి రావాలి. మా నాన్న శ్రీహరిరావు గారు హైకోర్టు ఆఫీసులో పనిచేస్తారు. వాయిదా వేయడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. మోకాలు నొప్పి అని తప్పించుకోకండి."

*

వేలంలో నిఖిలేష్ అమ్ముడుపోయాడు. లీగ్ మొదలైన రోజు అనురాగ్ శ్రీహరిరావు గారింట్లో సోఫా చివర కూర్చున్నాడు. ఆయన పాలకొల్లు నుంచి వచ్చి ఎన్నేళ్ళైనా కబడ్డీని చెడుగుడు అనే అంటారు. ఇప్పటికి కాబోయే అల్లుణ్ణి మూడుసార్లు వాయిదా వేసి, నాలుగోసారి పులిహోర పెట్టించారు. దాన్నే ఆ ఇంట్లో ఒప్పుకోవడమంటారట.

టీవీలో కుడిమూలన నిఖిలేష్ దూకాడు. పట్టాడు!

"నిఖీ! నా బంగారం!" అని నేలమీద కూర్చున్న నీహారిక కూర్చున్నచోటే ఎగిరింది. చప్పట్లు, ఈలలు, కేకలు. అనురాగ్ వైపు ఒక్క చూపు లేదు.

పాత మంట మళ్ళీ అంటుకుంది. అతను మూతి ముడుచుకుని, మెల్లగా లేచి, కుడికాలు గడపవైపు చాపాడు.

టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే నీహారిక చెయ్యి వచ్చి చీలమండ పట్టుకుంది.

"ముక్కు తుడుచుకున్నారు," అంది. "కూర్చోండి."

శ్రీహరిరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏం బాబూ, ఈ ఆటలో అవుటంటే ఏంటి?"

"పట్టుకున్నంక బయటికి రాకపోవుడే, అంకుల్."

ఆయన కూతురి చేతినీ, అల్లుడి కాలినీ కాసేపు పరిశీలనగా చూశారు.

"అయితే ఇంకెందుకు పెనుగులాట?" అన్నారు. "అమ్మాయీ, ఆ మిగిలిన పులిహోర కూడా ఇటు పట్రా."